మూడెర్ర, అయిదు తెల్ల, మల్ల గట్లనే

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న, “మీరు ఏ లాంగ్వేజ్‌లో పనిచేశారు సార్?” అని. నేను నాలుగు పేర్లు చెబుతాను. అందులో రెండు వాళ్లు విననే లేదు. మూడోది విని జాలిపడతారు. నాలుగోది విని, “అది మా నాన్న వాడేవారు” అన్నాడొకడు మొన్న, చనిపోయిన బంధువును తలుచుకున్నట్టు.

అడగాల్సిన ప్రశ్న అది కాదు. ముప్పై ఏళ్లలో నేను ఎక్కువగా చేసిన పని, ఒక భాషలో ఉన్న ప్రోగ్రామ్‌ను ఇంకో భాషలోకి మార్చడం. అది కిరాయి ఇల్లు మారడం లాంటిది. గోడలు అక్కడే వదిలేసి వస్తాం, సామాను మాత్రం పగలకుండా కొత్త ఇంటికి చేరాలి. మా పనిలో ఆ సామాను ఫైళ్లు. వాటిని ఏ రూపంలో దాచారు, ఎందుకు అలా దాచారు అని అడగండి. ప్రమోషన్ల గురించి అడక్కండి. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి.

నాకు ఈ బుద్ధి వచ్చింది ఒక నెమలి వల్ల. ఆ కథ రాస్తే మిగతావి రాయనవసరం లేదు.

పిసినారి రోజులు

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్వీట్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. జిలేబీ వాసన మధ్య నేను రాసిన మొదటి సొంత ప్రోగ్రామ్, కొత్తపేటలో ఉండే లక్ష్మమ్మ గారి కుటుంబం కోసం.

వాళ్లది పోచంపల్లి దగ్గరి ఊరు. కొడుకు ఇక్కడ చీరల దుకాణం పెట్టాడు. మరిది యాదగిరి ఊళ్లోనే ఉండి మగ్గాలు నడిపిస్తాడు. లక్ష్మమ్మ పని డిజైన్. గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపుతూ నెమళ్లు, ఏనుగులు, చిలుకలు గీసేది. ఆ కాగితం ఊరికి వెళ్తే, అక్కడ దాన్ని చూసి నూలుకు రబ్బరు పట్టీలు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. నేయడానికి ముందే నూలు మీద బొమ్మ అంతా ముక్కలు ముక్కలుగా పడి ఉండాలి, మగ్గం మీదికి వచ్చాక నెమలి నెమలిగా కనబడాలి. ఒక గడి తప్పితే ముక్కు పోయి తోకలో పడుతుంది.

నా ప్రోగ్రామ్ ఆ గళ్ల కాగితాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చింది. లక్ష్మమ్మ పీట వేసుకుని పక్కన కూర్చుని చెప్పేది. కోడలు సుజాత మీటలు నొక్కేది. డిజైన్ ఫ్లాపీలో పడేది. పాస్కల్ అనే భాషలో రాశాను దాన్ని.

ఫ్లాపీలో చోటు తక్కువ. ఆ రోజుల్లో ప్రోగ్రామర్ గొప్పతనమంతా ఎంత తక్కువ చోటులో ఎంత కుక్కాడన్నదే. నేను ఒక్కో బైటులో రెండేసి గడులు కుక్కాను. నెమలి డిజైన్ రెండు వందల నలభై గడుల వెడల్పు, మూడు వందల వరుసలు. అది ముప్పై ఆరు కిలోబైట్లలో ముడుచుకుని కూర్చుంది. వారం రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఏ బైటులో ఏముందో ఎక్కడా రాసి పెట్టలేదు. నేను రాసిందే కదా, గుర్తుండదా అనుకున్నాను.

నా రాత నాకే అర్థం కాలేదు

పదిహేనేళ్లు గడిచాయి. ఒకరోజు సుజాత బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. డబ్బా నిండా ఫ్లాపీలు. మొత్తం రెండు వందల పన్నెండు డిజైన్లు.

“అన్నా, అత్తమ్మకు కండ్లు కనబడుతలేవు. దవాఖానల ఇగ రావన్నరు. కొత్త కాయితం గీసుడు ఇగ కాదు. ఉన్నయి గివ్వే. గా కంప్యూటర్ గూడ గురగుర అంటుంది, ఇయ్యాల్నో రేపో పోతది. అది పోతే అత్తమ్మ చేసిందంత పోయినట్టే.”

సాయంత్రం కొత్తపేట వెళ్లాను. లక్ష్మమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో ఖాళీగా పెట్టుకుని. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

“నా పని అయిపోయింది బిడ్డా. ఉన్నయన్న జర కాపాడు,” అంది.

సరే అన్నాను. ఆమె ముందు సరే అనడం తేలిక, డబ్బా తెరవడం కష్టమని తరవాత తెలిసింది.

అవి తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. ఏ రోజు బంద్, ఏ రోజు రోడ్డు మీద వంటావార్పు అన్నది చూసుకుని మేము టిఫిన్ బాక్సు తెచ్చుకోవాలా వద్దా అని తేల్చుకునేవాళ్లం. మా బాస్ మూర్తి గారిది కోస్తా. మాలో సగం మందిది నల్లగొండ. ఆఫీసులో రాష్ట్రం రోజుకు నాలుగుసార్లు విడిపోయి, టీ వేళకు మళ్లీ కలిసేది.

మూర్తి గారు పని ఒప్పుకుని ఒక్క మాట చెప్పారు. “జావాలో రాయవయ్యా రాములూ. ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్‌లో పెట్టు. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే కదా.”

ముందు పాత ఫైళ్లు చదవాలి. పాత ప్రోగ్రామ్ సోర్సు, అంటే పాస్కల్‌లో నేను రాసిన అసలు ప్రతి, ఎప్పుడో పోయింది. కొత్త భాషలో చదివే ముక్క రాసి నెమలి ఫైలు తెరిచాను. వెడల్పు రెండు వందల నలభై రావాల్సిన చోట అరవై ఒక్క వేల నాలుగు వందల నలభై వచ్చింది. ఆ లెక్కన నేస్తే చీర వెడల్పే మా ఆఫీసు మెట్ల నుంచి బస్టాండు దాకా వస్తుంది.

విషయం చిన్నది. ఒక అంకెను రెండు బైట్లలో దాచేటప్పుడు ఏ బైటు ముందు రాయాలన్న దానిలో నా పాత ప్రోగ్రామ్‌ది ఒక ఆచారం, జావాది ఇంకో ఆచారం. కొందరు ఇంటిపేరు ముందు చెబుతారు, కొందరు చివర చెబుతారు. మనిషి ఒక్కడే. ఈ సంగతి పుస్తకాల్లో చదివాను, ఇతరులకు పాఠం కూడా చెప్పాను. నా ఫైలు దగ్గరికి వచ్చేసరికి ఫ్లాపీ పాడైందని మూడు రోజులు ఫ్లాపీని తిట్టాను. ఇంకో మూడు రోజులు దాన్ని చదివే డ్రైవును తిట్టాను. ఏడో రోజు తిట్టాల్సింది ఎవరినో అర్థమైంది.

పొడుగు మెడ నెమళ్లు

అంకెలు సరిచేశాక బొమ్మ తెర మీదికి వచ్చింది. సగమే ఉంది. రెండు నెమళ్లు ఎదురెదురుగా ముక్కు ముక్కు ఆనించుకుని ఉండాల్సిన చోట ఎడమవైపు నెమలి ఒక్కటే ఉంది. ఇంకో డిజైన్ తెరిచాను. సగం పువ్వు. ఇంకోటి. సగం గుడి.

చోటు సరిపోక పాత రోజుల్లో కోసేసి ఉంటాను, లేదా మిగతా సగం ఫ్లాపీలోనే చెరిగిపోయి ఉంటుంది అనుకున్నాను. పాపం ముసలమ్మ అనుకుని, ఉన్న సగాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పి రెండో సగం నేనే నింపాను. ఎవరూ అడగకుండానే చేసిన మేలు అది. చాలా తృప్తి కలిగింది. నిండు నెమళ్ల కాగితం అచ్చు తీసి యాదగిరికి పంపించాను.

మూడు వారాలకు యాదగిరి చీర ముక్క పట్టుకుని ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి, నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. దాన్ని బల్ల మీద పరిచాడు. రెండు నెమళ్లూ ఉన్నాయి. రంగులు ముచ్చటగా ఉన్నాయి. కానీ మెడలు మాత్రం ఒంటె మెడలంత ఉన్నాయి.

“గిదేంది సార్?” అన్నాడు మెల్లగా.

జరిగింది ఇది. వాళ్లు నూలును మధ్యకు మడిచి కడతారు. ఒక్క కట్టుతో రెండు పక్కలా బొమ్మ పడుతుంది. అందుకే లక్ష్మమ్మ ఎప్పుడూ సగమే గీసేది, నా పాత ప్రోగ్రామ్ సగమే దాచేది. నేను నింపిన నిండు బొమ్మను వాళ్లు మళ్లీ మడిచి కట్టారు. ప్రతి వరుసకూ నూలు రెండింతలైంది. ఒక్కసారి పడాల్సిన వరుస మగ్గం మీద రెండుసార్లు పడింది. వెడల్పు అంతే ఉండి ఎత్తు రెట్టింపైంది.

“కట్టేటప్పుడు తెలియలేదా?” అని అడిగాను, తప్పులో కాస్త వాటా ఇద్దామని.

“అనుమానమొచ్చింది సార్. గానీ కంప్యూటర్లకెళ్లి ఒచ్చింది గదా అని ఊకున్న.”

నలుగురు మనుషులు మూడు వారాలు పడిన కష్టం నా బల్ల మీద పొడుగు మెడలతో చూస్తోంది. మూర్తి గారు వచ్చి చూసి, “బాగానే ఉందయ్యా, ఇవి ఏ పక్షులు?” అన్నారు.

లక్ష్మమ్మ దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను. ఆమె చీర ముక్కను వేళ్లతో తడిమింది. దాని మీద ఏముందో వేళ్లకు తెలియదు కనుక సుజాత చెప్పింది. లక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తరవాత, “ఒక్క మాట అడగకపోతివి బిడ్డా,” అంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది కూడా అదే. ఫైలులో ఏదైనా లేకపోతే, అది పోయిందో, అసలు అవసరం లేకనే పెట్టలేదో ముందు అడగండి.

మూర్తి గారి ఫ్యాషన్

ఇక ఎక్స్‌ఎంఎల్ సంగతి. ఇందులో తప్పంతా మూర్తి గారి మీదికి నెట్టడం న్యాయం కాదు. నాకూ మోజుగానే ఉండేది. ప్రతి గడికీ విడిగా ఒక చీటీ రాసినట్టు, ఇది ఎన్నో వరుస, ఎన్నో గడి, ఏ రంగు అని పూర్తిగా రాసే పద్ధతి అది. ఎవరు చదివినా అర్థమవుతుంది, పిసినారితనం అసలు లేదు. ముప్పై ఆరు కిలోబైట్ల నెమలి దాదాపు మూడు మెగాబైట్లయింది. యాదగిరి ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో దాన్ని తెరిస్తే, ఆయన వెళ్లి టీ తాగి, నాలుగు మాటలు మాట్లాడి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది.

“జిప్ చేయవయ్యా,” అన్నారు మూర్తి గారు.

చేశాను. చిన్నదైంది. విప్పగానే మళ్లీ మూడు మెగాబైట్లు ఆ ముసలి కంప్యూటర్ నెత్తిన పడ్డాయి. మూట కట్టినంత మాత్రాన సామాను తగ్గదు కదా.

అంటే మొదటిసారి నేను ఎవరికీ అర్థం కానంత పొదుపు చేశాను. రెండోసారి ఎవరూ మోయలేనంత విడమరిచాను. రెండుసార్లూ నా యంత్రాన్నీ నా గొప్పనీ చూసుకున్నాను తప్ప, ఆ ఫైలుతో రోజూ పనిచేసే ముగ్గురిని చూడలేదు.

బస్సులు ఆగిన రోజులు

ఇంతలో బస్సుల సమ్మె వచ్చింది. అంతవరకు డిజైన్ల పెన్‌డ్రైవ్ ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి ఊరికి పోయేది, తెలిసిన కండక్టర్ జేబులో. ఇప్పుడు బస్సూ లేదు, కండక్టరూ లేడు. ఊళ్లో ఇంటర్నెట్ ఉందంటే ఉంది. మూడు మెగాబైట్లు పంపబోతే సగంలో తెగిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం ఏం చేయాలో తెలియక కొత్తపేటకు నడిచాను. దారిలో రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. ఎవరో విస్తరాకు చేతిలో పెట్టి, “తిని పో అన్నా” అన్నారు. పప్పు బాగుంది. తిని, చేతులు కడుక్కుని లక్ష్మమ్మ ఇంటికి చేరాను.

సుజాత ఫోన్ చెవికి ఆనించుకుని, అచ్చు తీసిన గళ్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. అవతల యాదగిరి.

“చిన్నమామ, రాస్కో. మూడెర్ర, అయిదు తెల్ల, రెండు నల్ల, పద్దెనిమిది ఎర్ర. ఈడ మడత. అయిపాయె. ఇగ కింది నాలుగు వరుసలు మల్ల గట్లనే.”

నేను చెప్పులు విడవడం మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డాను.

“ఎప్పటి నుంచి ఇలా చెబుతున్నారు?” అని అడిగాను.

సుజాత వింతగా చూసింది. “ఎప్పటి సంది ఏంది అన్నా, కట్టేటప్పుడు గట్లనే చెప్తం. ఒకరు చదువుతరు, ఒకరు కడతరు. ఒక్కొక్క గడి చెప్పుకుంట కూసుంటే ఎట్ల అయితది?”

నా పక్కనే పీట మీద కూర్చుని లక్ష్మమ్మ ఏళ్ల తరబడి ఇలాగే చెప్పింది. నేను ఆ మాటలు విని, విప్పి, గడులుగా చేసి, ఆ గడులను మళ్లీ కుక్కడానికి తెలివి ఖర్చు చేశాను. పొదుపు ఆమె మాటలోనే ఉంది. మడత ఎక్కడో కూడా అందులోనే ఉంది.

మర్నాడు కొత్త ఫార్మాట్ రాశాను. ఒక వరుసకు ఒక లైను. ఎన్ని గడులు, ఏ రంగు అన్నది వరసగా, మామూలు అక్షరాల్లో. వరుస మళ్లీ వస్తే ఎన్నిసార్లో రాస్తే చాలు. మడత గుర్తు ఒకటి. బొమ్మల్లో ఒకే రంగు గడులు గుంపులుగా ఉంటాయి కాబట్టి నెమలి పదిహేను కిలోబైట్లకు దిగింది, నా పాత కుక్కుడు కన్నా సగానికి తక్కువ. అక్షరాలే కాబట్టి ఏ బైటు ముందన్న గొడవ కూడా లేదు. అన్ని చోట్లా ఇది పనికిరాదు సుమా. గడి గడికీ రంగు మారే ఫోటోను ఇలా దాస్తే అసలుకన్నా పెద్దదవుతుంది. ఏ సామానుకు ఏ గిన్నె అన్నది సామాను చూసే తేల్చాలి.

మూర్తి గారు ఫైలు చూసి ముఖం చిట్లించారు. “దీనికి పేరుందా అసలు? రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతాం?”

“ప్రోగ్రామ్ లేకపోయినా చదవొచ్చండి,” అన్నాను. “కావాలంటే మీరే చదవండి.” అప్పుడే యాదగిరికి ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టాను.

మూర్తి గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. “నాలుగు ఎరుపండీ, ఆరు తెలుపండీ, ఒకటి నలుపండీ. తరవాత మూడు వరుసలు మళ్లీ అలాగేనండీ.” అరగంట చదివారు. మధ్యలో మంచినీళ్లు తాగారు, ఆపమంటే ఆపలేదు. చివర, అవతల కాగితం మీద గళ్లు నింపుకుంటున్న యాదగిరి అన్నాడు, “సార్, మీరు చదివినా గూడ నెమలి నెమలే ఒచ్చింది.”

ఆ పూట ఆఫీసులో రాష్ట్రం ఒక్కసారి కూడా విడిపోలేదు.

చెవితో చూసిన పరీక్ష

రెండు వందల పన్నెండు ఫైళ్లూ మార్చాను. అవి సరిగ్గా మారాయని తేల్చగలిగేది ఒక్క మనిషి, ఆమెకు చూపు లేదు. అందుకని సుజాత రోజూ పొద్దున వంట అయ్యాక కొన్ని డిజైన్లు చదివేది. లక్ష్మమ్మ కళ్లు మూసుకుని వినేది. వేళ్లు మోకాలి మీద కదిలేవి. నేను పక్కన కూర్చుని ఆ వేళ్లనే చూసేవాణ్ణి. పొడుగు మెడల భయం ఇంకా పోలేదు.

చిలుకల అంచు చదువుతుండగా ఆమె చేయి ఎత్తింది.

“ఆగు. గీడ నాలుగు గాదు, మూడు.”

పరుగున వెళ్లి ఫ్లాపీలో చూశాను. అక్కడా నాలుగే ఉంది. నా ప్రోగ్రామ్ తప్పు చేయలేదు. సుజాత నాలుక కరుచుకుంది.

“గప్పుడు నేనే తప్పు కొట్టిన అత్తమ్మా. పదకొండేండ్ల సంది గట్లనే నేస్తున్నరు.”

“అందుకే గా చిలుక ఎప్పుడు చూసినా అలిగినట్టుండె,” అంది లక్ష్మమ్మ.

సుజాత ఫైలు తెరిచి నాలుగు కొట్టేసి మూడు చేసింది. నన్ను పిలవలేదు, నా ప్రోగ్రామ్‌ను కూడా పిలవలేదు. మామూలుగా ఉత్తరం దిద్దినట్టు దిద్దింది. మళ్లీ చదివింది. లక్ష్మమ్మ తల ఊపింది.

సుజాత ఫైలు మూసింది. లక్ష్మమ్మ వేళ్లు మాత్రం మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి. చదవడం ఆగినా అవి ఆగలేదు.

“సుజాతా, గా కంప్యూటర్ ఉత్తదే ఉంటే ఒకటి రాస్కుంటవా?” అంది.

“ఏంది అత్తమ్మా?”

“కొత్తది. కండ్లు పోయినప్పటి సంది లోపల తిరుగుతుంది. గీసుడు రాదు గానీ, చెప్పొస్తది గదా.”

సుజాత నా వైపు చూసింది. నేను గబగబా లేచి ఖాళీ ఫైలు ఒకటి తెరిచిపెట్టాను. ఆ పని ఆమెకూ వచ్చు. కానీ నా కళ్లలో నీళ్లు వచ్చాయి, అవి కనబడకుండా ఏదో ఒకటి చేయాలి కదా.

నేను రిటైరయ్యాను. మూర్తి గారి కంపెనీ మూతపడింది, కింద స్వీట్ల దుకాణం మాత్రం ఉంది. నా జావా ప్రోగ్రామ్ వాళ్ల ఇప్పటి కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఎవరో ఇంకో భాషలో కొత్తది రాసిచ్చారట. ఆ వార్త చెప్పినప్పుడు సుజాత నేను బాధపడతానేమో అని చూసింది. ఫైళ్లు అడిగాను. అవే ఉన్నాయి. నేను అప్పగించినవి రెండు వందల పన్నెండు. ఇప్పుడు రెండు వందల యాభై ఒకటి.

మొన్న వెళ్లేసరికి రెండు వందల యాభై రెండోది నడుస్తోంది. నా చెప్పుల చప్పుడు విని లక్ష్మమ్మ, “కూసో బిడ్డా, గీ నాలుగు వరుసలు కానియ్యి,” అని మళ్లీ కళ్లు మూసుకుంది.

“రెండు నల్ల, ఒకటి తెల్ల, ఏడెర్ర. ఈడ మడత.”

ఏం బొమ్మ అని అడగలేదు. నేనూ కళ్లు మూసుకుని విన్నాను. ఆ నాలుగు వరుసలు అయ్యేసరికి నాకు కూడా ముక్కు కనబడింది.